తొడుగు లోపల నా పేరు

నాకు రవిక కుట్టడం రాదు. ఇప్పటికీ రాదు. మిషన్ బడిలో కుట్టు నేర్పిన టీచరమ్మ నేను అల్లిన లేసును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని క్లాసంతా తిప్పి చూపించింది, అల్లిక ఎలా ఉండకూడదో చెప్పడానికి. అయినా నలభై ఏళ్ళు సూదితోనే బతికాను. నేను కుట్టినవి మనుషులు తొడుక్కునేవి కావు. డేరాలు కుట్టాను. లారీల మీద కప్పే పట్టాలు కుట్టాను. అన్నిటికంటే ఇష్టంగా, హుస్సేన్‌సాగర్‌లో తిరిగే తెరచాప పడవల సామానుకు తొడుగులు కుట్టాను. చుట్టి పెట్టిన తెరచాపకు, దాని అడుగున ఉండే అడ్డకొయ్యకు, చుక్కానికి, చుక్కాని పిడికి, తాళ్ళు నడిచే కప్పీలకు. మా నాంపల్లిలో వాటిని గలీబులు అనేవారు, దిండు గలీబులన్నట్టే.

ఇప్పుడు ఈ పనిలోకి కొందరు అమ్మాయిలు వస్తున్నారు. మా చర్చి సంఘంలోనే ఇద్దరున్నారు. ఏ మిషను మంచిది, ఏ దారం గట్టిది అని అడుగుతారు. అవి దుకాణంలో ఎవరైనా చెప్తారు. నేను చెప్పాలనుకున్నవి మూడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాను, ఎక్కడ తప్పు చేశాను, ఆ తప్పును ఎవరి నెత్తిన పెట్టాను. మూడోది దాచి మొదటి రెండే చెప్పే పెద్దవాళ్ళ మాట నమ్మకండి.

ఉస్తాద్ దుకాణం

మా సంఘానికి వేసవి కూటాల కోసం ఒక పెద్ద డేరా ఉండేది. పోలీసు చర్య తరువాతి ఎండాకాలంలో దాన్ని విప్పి చూస్తే ఎలుకలు నాలుగు చోట్ల కొరికేశాయి. దాన్ని బండిలో వేసుకుని నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో ఖాజా మియా దుకాణానికి తీసుకుపోయాను. ఆయన డేరాల ఉస్తాద్. అంతకు ముందు ఆ దుకాణంలో పన్నెండు మంది కూర్చుని ఫౌజుకు డేరాలు కుట్టేవారు. ఆ ఫౌజు లేకుండా పోయింది. పనీ పోయింది, పనివాళ్ళూ పోయారు. నేను వెళ్ళేసరికి ఖాళీ చాపల మధ్య ముసలాయన ఒక్కడే కూర్చుని సుతిలికి మైనం రుద్దుతున్నాడు.

“కుట్టెటోళ్ళు లేరు బేటీ. డేరా ఈడ పెట్టి పో. వచ్చే ఎండలకు అయితది” అన్నాడు.

“వచ్చే ఎండలకు కాదు, వచ్చే ఆదివారానికి కావాలె. జర దబ్బనం ఇయ్యున్రి, నేనే కుడత.”

ఆయన నవ్వి దబ్బనం ఇచ్చాడు. అరచేతికి కట్టుకునే తోలు పట్టీ కూడా ఇచ్చాడు. దబ్బనం గోనె కుట్టే సూది లాంటిదే, ఇంకా లావు. దాన్ని వేళ్ళతో కాదు, అరచేతితో తోయాలి. లేసు దగ్గర మొద్దుబారిన నా చెయ్యి కాన్వాసు దగ్గర మేలుకుంది. నాలుగు రోజులు కుట్టాను. నాలుగో రోజు ఆయన డేరాను తిరగేసి, కుట్టును లోపలి వైపు నుంచి గోటితో గీకి చూశాడు. బాగుందనీ అనలేదు, బాగా లేదనీ అనలేదు. “సోమవారం ఎన్ని గంటలకు వస్తవ్?” అన్నాడు. నా ఉద్యోగం అలా మొదలైంది.

సందులో వాళ్ళకు ఇది నచ్చలేదు. ఒక తురక దుకాణంలో ఒక కిరస్తానీ పెళ్ళికాని పిల్ల. రెండు వైపులా నోళ్ళు ఆడాయి. ఎదురుగా సైకిళ్ళు కిరాయికి ఇచ్చే ఆయన ఒకరోజు దుకాణం ముందుకే వచ్చి అడిగాడు. “ఏంది మియా, దుకాణంల ఆడమనిషిని కూసోబెట్టినవ్?”

ఉస్తాద్ తల ఎత్తలేదు. “ఆడమనిషా? యాడుంది? నాకు ఉల్టా టాకా ఏసే గాడిద ఒక్కటే కనబడుతుంది.”

ఆ గాడిదను నేనే. ఆ రోజు నిజంగానే కుట్టు తిరగేసి వేశాను. ఆ తరువాత ఆ ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగలేదు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదన్న ప్రశ్న మాత్రం ఇప్పటికీ అడుగుతున్నారు. దానికి అప్పుడూ జవాబు చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

ఉస్తాద్ గురించి ఒక మాట ఉన్నదున్నట్టు రాస్తాను. ఆయనది గొప్ప చెయ్యి. గురువుగా మాత్రం మంచివాడు కాదు. ఇది ఇలా చెయ్యి అంటాడు, ఎందుకో చెప్పడు. ఎందుకని అడిగితే “చెయ్యిని అడుగు” అంటాడు. చెయ్యికి జవాబు తెలిసేసరికి పదేళ్ళు పడుతుంది. ఈలోగా మనం చేసే నష్టాలకు ఎవరో బలి అవుతారు. మీరు ఎవరికైనా పని నేర్పితే, ఎందుకో కూడా చెప్పండి. రెండు నిమిషాలు పోతే పోయాయి.

కొయ్యను కొలిచాను

సాగర్ ఒడ్డున తెరచాప పడవలు నడిపే ఒక క్లబ్బు ఉంది. దాని కార్యదర్శి పాత ఫౌజులో కెప్టెన్‌గా చేసి దిగిపోయినవాడు. బషీర్‌బాగ్‌లో ఇల్లు. ఇంట్లో ఉర్దూ, క్లబ్బులో ఇంగ్లీషు, మాలాంటి వాళ్ళతో తెలుగు. ఫౌజులో ఉన్నప్పటి నుంచీ ఉస్తాద్ పని ఎరిగిన మనిషి కనుక గలీబుల పని మాకు ఇచ్చాడు. ఉస్తాద్ కళ్ళకు పొర కమ్ముతోంది. కొలతలకు నన్ను పంపేవాడు.

అక్కడ యాదగిరి పరిచయమయ్యాడు. పడవలు కడగడం, ఆరబెట్టడం, కట్టడం, కాపలా అన్నీ అతనే. అతని తండ్రీ అదే పని చేశాడు. పడవల షెడ్డు వెనక ఒక గదిలో అతనూ, భార్య సత్తెమ్మా ఉండేవారు. వాళ్ళకు వేరే ఇల్లు లేదు.

మొదటిసారి నేను చుక్కాని పిడిని వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, చేతికి తొడుగులా బిగుతుగా కుట్టి తీసుకుపోయాను. యాదగిరి దాన్ని తొడగడానికి చూసి, తీసి, నా వైపు తిరిగాడు.

“అక్కా, నువ్వు కొయ్యకు కుట్టినవ్. మరి తాడు యాడ పెట్టాలె? నీ నెత్తి మీదనా?”

పని అయ్యాక పడవవాళ్ళు పిడికి తాడు చుట్టి వదిలేస్తారు. నేను శుభ్రంగా తుడిచి పెట్టిన కొయ్యను కొలిచాను. ఆ రోజు సిగ్గేసింది కానీ, తరువాత జీవితమంతా ఆ సిగ్గు నాకు అన్నం పెట్టింది. వస్తువును సాయంత్రం పూట, మనుషులు దాన్ని వదిలేసి పోయిన తీరులో కొలవాలి. ఇంకా కొన్ని ఆ ఒడ్డునే నేర్చుకున్నాను. అతుకులు పెంకుటిల్లు కప్పులా ఒకదాని మీద ఒకటి కిందికి వాలాలి, లేకపోతే నీళ్ళు మడతలో నిలుస్తాయి. కాన్వాసు తడిస్తే ముడుచుకుంటుంది కనుక పొడుగులో నాలుగు వేళ్ళు వదులు ఇవ్వాలి. కట్టే తాళ్ళు తడి చేతులతో, చూడకుండా విప్పగలిగేలా ఉండాలి. వీటిలో ఒక్కటీ నాకు ఏ దొరా చెప్పలేదు. అన్నీ యాదగిరి వెక్కిరింతల్లోంచి ఏరుకున్నవే.

పూర్తిగా కప్పడం

ఇక నా తప్పు.

నేను బైబిలు వాక్యంలో పెరిగిన మనిషిని. మా నాన్న మెదక్ వైపు పల్లెల్లో వాక్యం చెప్పేవాడు. ఆరేళ్ళ నుంచే నాకు ఇష్టమైన భాగం ఒకటుంది. అరణ్యంలో దేవుని గుడారం ఒక చోటి నుంచి మరో చోటికి కదిలేటప్పుడు, లోపలి సామాను ఒక్కొక్కదాన్నీ ముందు బట్టతో, తరువాత తోలుతో కప్పాలి. దీపాన్ని, గిన్నెలను, బల్లను, అన్నిటినీ. మోసేవాళ్ళ కంటికి కూడా అవి కనబడకూడదు. ఆదివారం బడిలో తోటి పిల్లలకు ఇది విసుగు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించేది. సామానుకు గలీబులు కుట్టమని దేవుడే చెప్పాడు, ఏ బట్టతో, ఏ తోలుతో అన్నది కూడా చెప్పాడు. ఉస్తాద్ దుకాణంలో కూర్చుని దబ్బనం తోసేటప్పుడు నేను ఆ వరసలో దాన్నని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ నమ్మకం తప్పు కాదు. నేను దాన్ని ఎక్కడ వాడానో అదే తప్పు.

ఒక వానాకాలం ముందు కెప్టెన్ సాబు ఐదు పడవలకూ కొత్త గలీబులు కావాలన్నాడు. వానలు తెరిపిచ్చాక పడవ పందేలున్నాయి. అంతవరకు పడవలు ఒడ్డున కట్టేసి ఉంటాయి. అదే సమయానికి ఉస్తాద్ కళ్ళు చూపించుకోవడానికి బీదర్‌లో కూతురింటికి బయలుదేరాడు. పోయేముందు రెండు మాటలు చెప్పాడు. కాన్వాసుకు పటిక, సబ్బు నీళ్ళు పట్టించు, నూనె వద్దు. తెరచాప గలీబుకు పొట్ట కింద రెండు గాలి కన్నాలు వదిలి, వాటి పైన చిన్న గొడుగులా గుడ్డ ముక్క కుట్టు.

“కన్నం ఎందుకు ఉస్తాద్? కప్పుడంటే మొత్తం కప్పుడే. సగం కప్పేది కప్పుడు ఎట్లయితది?”

“చెయ్యిని అడుగు” అని రైలెక్కాడు.

నేను చెయ్యిని అడగలేదు. ఆ కన్నాలను ముసలాయన బద్ధకం అనుకున్నాను. బేగం బజార్ నుంచి అవిసె నూనె తెప్పించి, మైనంతో కాచి, కాన్వాసుకు రెండు సార్లు పట్టించాను. నీళ్ళు పోస్తే తామరాకు మీద పోసినట్టు జారిపోయాయి. ఒక్క కన్నం లేకుండా, అంచులన్నీ రెండు మడతలతో మూసేశాను. చివరి గలీబు అయ్యాక దుకాణంలో మోకరించి ప్రార్థన చేశాను. అంత మంచి పని నా చేతి నుంచి అంతకు ముందు రాలేదనుకున్నాను.

అర్జీ

ఆ ఏడాది ముసురు పట్టి మూడు వారాలు వదల్లేదు. తెరిపిచ్చిన రోజు కెప్టెన్ సాబు గలీబులు విప్పించాడు. ఐదు తెరచాపలకూ నల్లటి బూజు. అప్పట్లో తెరచాపలు నూలువి. బూజు పట్టిన చోట వేలితో నొక్కితే బట్ట చిరుగుతుంది. పందేలకు ఐదు పడవలూ పనికిరాకుండా పోయాయి.

కెప్టెన్ సాబుకు కారణం వెతకాల్సిన పని పడలేదు. యాదగిరి తెరచాపలను తడిగా కట్టేశాడు, అంతే. వచ్చే ఆదివారంలోగా గది ఖాళీ చేయమన్నాడు.

బుధవారం సత్తెమ్మ దుకాణానికి వచ్చింది. చంకలో, విప్పిన రోజు చుట్టి పెట్టినది చుట్టినట్టే ఒక గలీబు. నా మీద ఫిర్యాదుకు వచ్చిందేమో అనుకున్నాను. కాదు.

“అక్కా, నువ్వు చదువుకున్నదానివి. సాబుకు ఒక అర్జీ రాసియ్యి. తప్పయింది, తడిగున్నప్పుడే కట్టిన, మాఫ్ చెయ్యున్రి అని. కాళ్ళ మీద పడ్డట్టు రాయి. రాసినంక ఆయన బొటనవేలు పెడ్తడు. ఈ గలీబు నిశానీకి తెచ్చిన, సాబుకు చూపెట్టనీకి.”

“తడిగనే కట్టిండా?”

“లేదక్కా. రెండు దినాలు ఎండల ఆరేసిండు. మడత పెట్టింది నేనే. చేతికి గరగర తాకింది.”

“మరి కట్టిన అని ఎందుకు రాయాలె?”

“కట్టలే అంటే సాబు ఇంకా గరమైతున్నడు. తప్పయింది అంటె పెద్దోళ్ళకు జర మనసు కరుగుతది గద.”

నేను గలీబు తీసుకుని తిరగేశాను. ఎందుకు తిరగేశానో తెలియదు, ఉస్తాద్ అలవాటు నాకూ వచ్చింది. లోపలి వైపు చెమటలా నీటి బొట్లు. పై వైపు పొడిగా ఉంది. ఆ నీళ్ళు వాన నీళ్ళు కావు. పగటి వేడికి లోపలి గాలిలోని తేమ పైకి లేచి, బయటికి పోవడానికి దారి లేక, రాత్రి చల్లబడి మళ్ళీ తెరచాప మీదే పడింది. మూడు వారాలు అలాగే. నా నూనె, నా మైనం, నా రెండు మడతల అంచులు. పొట్ట కింద రెండు కన్నాలు ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఉస్తాద్ చెయ్యి ఇచ్చే జవాబు అప్పుడు నా చేతికి అందింది.

అందినా అర్జీ రాశాను.

ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. కూర్చుని, కాగితం తీసి, మంచి దస్తూరితో, యాదగిరి తడి తెరచాపలు కట్టాడని రాశాను. సాయంత్రం యాదగిరి వచ్చాడు. వేలికి సిరా పూసింది నేనే. నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, సత్తెమ్మ అడిగిందే రాస్తున్నాను, దీనితో వాళ్ళ గది నిలుస్తుంది, ఉస్తాద్ దుకాణమూ నిలుస్తుంది. అప్పటికి మా సంఘంలో నలుగురు ఆడవాళ్ళు నా దగ్గర పట్టాలు కుడుతున్నారు. వాళ్ళ కోసం అని కూడా చెప్పుకున్నాను. పిరికితనానికి అన్నం పెట్టే కారణాలు ఎప్పుడూ తక్కువ పడవు.

అర్జీ చదివి కెప్టెన్ సాబు కరగలేదు. చేతిలో సాక్ష్యం దొరికిందన్నాడు. ఆదివారం కాదు, శుక్రవారమే పొమ్మన్నాడు. సత్తెమ్మ కాళ్ళావేళ్ళా పడితే మళ్ళీ వచ్చే మంగళవారం దాకా గడువిచ్చాడు.

సాక్ష్యం

మా సంఘంలో ఆరాధన ముగిసేముందు ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు. ఆ ఆదివారం నేను లేచాను. పేర్లు చెప్పకుండా, నా తప్పుకు ఒక నిర్దోషి శిక్ష పడుతోందని, ఆ శిక్షను నా చేత్తోనే రాశానని చెప్పాను. ఆడవాళ్ళు ఏడ్చారు. నాకు తేలికైంది. అంత తేలిక కావడం మీదే నాకు అనుమానం వచ్చింది.

బయటికి వచ్చాక మా సంఘ కాపరి అయ్యగారు పక్కకు పిలిచారు. మంచి మనిషి, మమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన గురువు.

“ఎస్తేరూ, సంఘం ముందర ఒప్పుకున్నవు. దేవుడు క్షమించిండు. ఇగ ఆ క్లబ్బు దాకా పోవుడు అవసరం లేదు. నీ పేరు చెడితే నలుగురు ఆడోళ్ళ పని చెడ్తది. ఆలోచన చెయ్యి.”

“అయ్యగారూ, నేను అన్యాయం చేసింది యాదగిరికి. దేవుని దగ్గర ఒప్పుకుంటే యాదగిరికి గది రాదు.”

“అంటే క్షమాపణ మీద నమ్మకం లేదా?”

“ఉంది. అందుకే పోతున్న. క్షమించిన తర్వాత గూడ దాచుకునుడు ఏంది?”

ఆయనకు కోపం వచ్చింది. గురువును ఎదిరించానని చాలాకాలం అన్నారు. ఎదిరించాను. వాక్యం ఆయన దగ్గరే నేర్చుకున్నాను కనుకే ఎదిరించగలిగాను.

తిన్నగా షెడ్డుకు పోయి యాదగిరికీ, సత్తెమ్మకూ ఉన్నది చెప్పాను. యాదగిరి లేచి నీళ్ళ వైపు పోయాడు. సత్తెమ్మ మాత్రం నా మొహంలోకి చూసింది.

“నీ ముంగటే బొటనవేలు పెట్టిండు అక్కా. గప్పుడు చెప్పరాదా?”

 ఆమె గదిలోకి పోయి, సగంలో వదిలిన సామాను మూట కట్టుకోసాగింది.

వరండా

మాలాంటి వాళ్ళం క్లబ్బు వెనక గేటు నుంచి పోయి షెడ్డు దగ్గర ఆగాలి. సోమవారం నేను ముందు మెట్లెక్కి వరండాలోకి పోయాను. చేతిలో రెండు చిన్న గలీబులున్నాయి. ఒకటి నా పద్ధతిలోది, నూనె పట్టించి మూసేసింది. రెండోది ఉస్తాద్ చెప్పిన పద్ధతిలోది. పటిక నీళ్ళు పట్టించి, కుంపటి దగ్గర ఆరబెట్టి, శనివారమే కుట్టాను. నేను చెప్పాలా వద్దా అని ఇంకా తేల్చుకోకముందే చెయ్యి కుట్టేసింది.

కెప్టెన్ సాబు పేపరు చదువుతున్నాడు.

“గలీబుల అమ్మా, నిన్ను పైకి ఎవరు రమ్మన్నరు?”

“యాదగిరి సంగతి చెప్పనీకి వచ్చిన సాబ్.”

“ఆ సంగతి అయిపోయింది. వాడే ఒప్పుకున్నడు. అర్జీ నా దగ్గర ఉన్నది.”

“ఆ అర్జీ దస్తూరి నాది సాబ్. అది అబద్ధం. తెలిసే రాసిన. తెరచాపలు ఖరాబైంది నా గలీబుల వల్ల.”

ఆయన పేపరు మడిచాడు. “వాడు వచ్చి నీ కాళ్ళు పట్టుకున్నడా?”

“లేదు సాబ్.”

“మీ సంఘపోళ్ళు గింతే. అందరి పాపాలు మీరే మోస్తమంటరు.”

“అందరివి మోయ సాబ్. నాది ఒక్కటుంది. అది గూడ యాదగిరి నెత్తి మీద పెట్టిన. తీసుకోనీకి వచ్చిన.”

నమ్మలేదు. నమ్మమని నేను బతిమాలలేదు. రెండు గలీబులూ ముందు పెట్టాను. “మీరే రెండు తెరచాప ముక్కలు ఆరబెట్టి, మీ చేత్తోనే లోపల పెట్టి కట్టున్రి. పడవల పెట్టున్రి. పది దినాలు ఆగున్రి. యాదగిరిని గాడికి రానియ్యకున్రి, నన్ను గూడ. పదో నాడు విప్పి చూసి ఎవర్ని పొమ్మంటరో పొమ్మనున్రి.”

ఆయన ఫౌజు మనిషి. పందెం లాంటి మాట వింటే కాదనలేడు. నౌకరు చేత ముక్కలకు ఇస్త్రీ చేయించి, తనే కట్టి, ముళ్ళ మీద లక్క కరిగించి తన ముద్ర వేశాడు. యాదగిరికి పది రోజుల గడువు దొరికింది. ఆ పది రోజుల్లో వాన సగం రోజులు పడింది. ఎండ కాసిన రోజే నాకు ఎక్కువ ధైర్యంగా ఉండేది, ఎండే కదా ఆ చెమట పుట్టించేది.

పదో నాడు ముద్రలు ఆయనే పగలగొట్టాడు. మేం మెట్ల కింద నిలబడ్డాం. ఉస్తాద్ పద్ధతి గలీబులోంచి ముక్క పెళపెళలాడుతూ వచ్చింది. నా గలీబు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే తల వెనక్కి తీశాడు. ముక్క చల్లగా, మెత్తగా, అంచున ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలతో ఉంది.

రెండు ముక్కలూ పక్కన పెట్టాడు. యాదగిరి వైపు చూడకుండానే అన్నాడు. “పోయి పడవలు చూసుకో.” అంతే. క్షమాపణ లేదు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం నా సర్వీసులో నేను చాలా తక్కువసార్లు చూశాను.

తరువాత నా వైపు తిరిగాడు. “నువ్వు మాత్రం ఈ వరండా మళ్ళ ఎక్కకు. తప్పు కుట్టినందుకు కాదు. కుట్టు ఎవరైన తప్పు కుడ్తరు. అబద్ధం రాసినందుకు.”

ఆ మాటలో న్యాయం ఉంది. ఆయన అన్న వాటన్నిటిలో నేను మారు చెప్పనిది అదొక్కటే.

ఎర్ర దారం

వరండా ఆయనది. చెరువు కట్ట ఆయనది కాదు. మర్నాడు దబ్బనం, సుతిలి తీసుకుని షెడ్డు అవతల కట్ట మీద కూర్చున్నాను. యాదగిరి గలీబులు ఒక్కొక్కటే తెచ్చి ముందు పడేశాడు. వాటిలో పైభాగాలు తీసేసి పటిక పట్టించిన కొత్త కాన్వాసు వేశాను. పొట్ట కింద కన్నాలు తెరిచి గొడుగులు కుట్టాను. కెప్టెన్ సాబు రోజూ వరండాలోంచి చూసేవాడు. పని ఆపమనలేదు, చేయమనీ అనలేదు. యాదగిరి వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఒక గలీబు ఎత్తి కన్నంలోంచి నన్ను చూశాడు.

“అక్కా, మీ దేవుడు గీ కన్నంల నుంచి చూస్తడా?”

“ఆయనకు కన్నం అవసరం లేదు. గాలికి కావాలె.”

“గా ముక్క మొదలే యాదికుంటే నాకు గింత తిప్పలు లేకుండె” అన్నాడు. మాకు మళ్ళీ మాటలు కలిశాయి.

ఆ ఐదు గలీబుల లోపల, తెరచాప వైపు అంచున, ఎర్ర దారంతో నా పేరు కుట్టాను. ఎస్తేరు, నాంపల్లి. అప్పటి నుంచి నా చేతి నుంచి పోయిన ప్రతి వస్తువు లోపలా ఆ పేరుంది.

బీదర్ నుంచి వచ్చిన ఉస్తాద్‌కు ఒక కన్ను బాగైంది. ఆ ఒక్క కంటితో ముందు చూసింది దాన్నే.

“పేరెందుకు బేటీ? మా తాత, మా అబ్బాజాన్ డేరాలు కుట్టిన్రు. ఎవ్వరు పేరు కుట్టలే.”

“అందుకే ఉస్తాద్, ఏ డేరా ఎగిరిపోయినా తాడు కట్టినోన్నే కొట్టిన్రు. కుట్టినోన్ని ఎవ్వరు అడగలే.”

ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తరువాత కన్నాల గొడుగును గోటితో గీకి చూసి, “గొడుగు జర పెద్దగైంది” అన్నాడు. ఆయన దగ్గర నాకు దొరికిన పెద్ద మెప్పు అదే. తాను ఎందుకో చెప్పని సంగతి మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అయ్యగారు ఒక ఆదివారం ప్రసంగంలో, పనిలో తమ పేరు చూసుకుని మురిసేవారి గర్వం గురించి చెప్పారు. అందరూ నన్ను చూశారు. నేను రెండో వరసలో కూర్చుంటాను. ఆ తరువాతి ఆదివారమూ రెండో వరసలోనే కూర్చున్నాను. అది గర్వమే అయితే దేవుడు నన్ను అడుగుతాడు, ఆయనకు చెప్పుకుంటాను. నిజానికి పేరు పైన కుడితే గర్వం. లోపల, మరమ్మతుకు విప్పినప్పుడు మాత్రమే కనబడే చోట కుడితే అది చిరునామా. అమ్మాయిలూ, మీరు ఏం కుట్టినా లోపల మీ పేరు కుట్టండి. ఎవరు ఎగతాళి చేసినా సరే. మీ తప్పు మీ ఇల్లు వెతుక్కుంటూ రావాలి, పక్కవాడి ఇంటికి పోకూడదు.

ఉస్తాద్ పోయాక దుకాణం ఆబిడ్స్‌కు మార్చాను. నాలుగు మిషన్లు, ఆరుగురు ఆడవాళ్ళు. 1956లో ఒక మధ్యాహ్నం ముక్కూ మొహం తెలియని ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. క్లబ్బుకు కొత్తగా వచ్చిన కార్యదర్శి అట. కెప్టెన్ సాబు అప్పటికి దిగిపోయాడు. చంకలో ఒక పాత గలీబు ఉంది. ఎండకు వెలిసి, అంచులు అరిగి ఉంది. అతను దాన్ని బల్ల మీద పరిచి లోపలి వైపు తిరగేశాడు. ఎర్ర దారం ఇంకా ఎర్రగానే ఉంది. కింద నాంపల్లి అని ఉంటే అక్కడ పది దుకాణాలు తిరిగి, అడిగి అడిగి ఇక్కడికి వచ్చాడట.

“గీ ఎస్తేరు ఎవరమ్మా?” అన్నాడు.

మిషన్లు ఆగిపోయాయి. ఆడవాళ్ళందరూ నా వైపు చూశారు. నేను అరచేతికి తోలు పట్టీ కట్టుకుంటూ లేచాను.

“నేనే. ఏం ఖరాబైందో చూపెట్టున్రి.”